మా అత్త కుదిర్చిన హిందూపురం సంబంధం

పాఠక మహాశయులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ కోరుకుంటున్నాను. పోయినవారి గురించి రాయడానికి కావలసిన అర్హతలు నాకు ఒక్కటీ లేవు. గద్గద స్వరం లేదు. భుజాన శాలువా లేదు. ‘తీరని లోటు’ అనే మాటను నవ్వు రాకుండా రాయగల నిగ్రహం అసలే లేదు. కాబట్టి ఇక్కడి నుంచి జరగబోయే సమస్త అపచారానికీ ధర్మవరం పట్టణ ప్రజలకు, హిందూపురం బస్సులో కిటికీ పక్క సీటు కోసం నాతో పోట్లాడిన పెద్దలకు, పెనుకొండ కొండకు, ఆ కొండ మీది కోతులకు పేరుపేరునా క్షమాపణలు. కోతులకు ఎందుకంటే, అవి కూడా ఎవరినో ఒకరిని పోగొట్టుకునే ఉంటాయి.

ఇక సంగతి. మా అత్త పోయింది.

పెనుకొండ నుంచి వదిన ఫోన్ చేసింది. వదినంటే అత్త కూతురు. “అమ్మ పోయింది రా” అంది. “యాడికి?” అన్నాను నేను. ఈ ప్రశ్నకు నన్ను తప్పుపట్టడానికి లేదు. మా నాయనకు అక్క అయిన ఆ మనిషి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఎక్కడికో ఒకచోటికి పోతూనే ఉంది. ధర్మవరం మగ్గాల మీద దిగిన పట్టుచీరలను మూటగట్టి, రైలెక్కి, పెనుకొండలోనూ హిందూపురంలోనూ ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. మూట విప్పిన ఇంట్లో పెళ్లీడు పిల్లలు కనబడితే అక్కడే ఒక సంబంధం కూడా విప్పేది. చీర నచ్చకపోయినా సంబంధం నచ్చేది. సంబంధం నచ్చితే చీర ఎలాగూ కొనక తప్పదు. మా అత్త వ్యాపారంలో నష్టానికి దారి లేదు.

వదిన ఏడుపు మధ్యలోంచి నేను ఏరుకున్న వివరాలు ఇవి. పెనుకొండలో ఒకరింట్లో పెళ్లిచూపులు. అత్త నడి హాల్లో కూర్చుంది. కాఫీ ఇచ్చారు. “అన్నీ బాగుండాయి గానీ నాయనా, నీకు కోపమొస్తే ఏం చేస్తావు? అది చెప్పు ముందు” అని పెళ్లికొడుకును అడిగి, జవాబు వినడానికి తల ఒక పక్కకు వంచింది. ఆ తల మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. పెళ్లికొడుకు చాలా మర్యాదస్తుడు, జవాబు మొత్తం చెప్పాకే ఆమెకేదో అయిందని గమనించాడట. సంబంధం మాత్రం ఖాయమైంది. ఆడపెళ్లివారు అన్న మాట వదిన నాకు చెప్పింది: “అంతసేపు నిదానంగా చెప్పినాడంటే పిల్లోనికి కోపం లేనట్లే కదమ్మా.”

మా అత్త చేతిలో తెగని కేసు లేదు. నా కేసు తప్ప. అందుకే ఈ రాత.

నేను లాంగ్‌జంప్ ఆడతాను. ఆడతాను అనడం కొంచెం గొప్పగా ఉంది. పరుగెత్తుతాను. పరుగు చివర జానెడు వెడల్పు తెల్ల చెక్క ఒకటి ఉంటుంది, దాన్ని బోర్డు అంటారు. దాని మీద కాలు మోపి ఎగిరి ఇసుక గుంటలో పడాలి. ఎవరూ లేని తెల్లవారుజామున ధర్మవరం మైదానంలో, అక్కడ కాపురముండే కుక్కల సమక్షంలో, నేను ఎగిరే దూరం చూస్తే నాకే భయం వేస్తుంది. కుక్కల దృష్టిలో నేను దేశం గర్వించదగ్గ క్రీడాకారుణ్ని. మనుషుల ముందు, పోటీ రోజున, ఎవరైనా జెండా పట్టుకుని పక్కన నిలబడితే చాలు, ఆ చెక్క దగ్గరికి వచ్చేసరికి నా కాలు నాది కాకుండా పోతుంది. నాలుక ఎండిపోతుంది, కాలివేళ్లు చల్లబడతాయి, గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకుంటుంది. ఆగిపోతాను. లేదా ఆగలేక, ఎగరనూలేక, చెక్క దాటి ఇసుకలోకి నడుచుకుంటూ పోతాను. ఎర్రజెండా లేస్తుంది, అంటే ఆ ఎగురుడు చెల్లదు.

జెండా లేచాక మాత్రం నా అంతటి ప్రతిభావంతుడు లేడు. ఇసుకలో ఉంగరం పడిపోయినట్టు వెతుకుతాను. గుంట కొలతలు బాగున్నాయని జడ్జిగారిని మెచ్చుకుంటాను. ఒకసారి ఇసుకలో పడుకుని తలకింద చెయ్యి పెట్టుకున్నాను. జనం పడిపడి నవ్వారు. కాలేజీలో అందరికీ నేను గుర్తున్నాను, నాతో పాటు ఎగిరి పతకం తెచ్చుకున్నవాడు ఎవరికీ గుర్తులేడు. ఇది విజయమని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను.

డిగ్రీ అయింది. మగ్గం మీద మా నాయన వీపు వంగింది. ఆటల కోటాలో ఒక ప్రభుత్వ ఉద్యోగం ఉందని, దానికి ట్రయల్స్ అనంతపురంలో జరుగుతాయని తెలిసింది. పోయిన ఏడాది పోయాను. మూడు అవకాశాలు, మూడు ఎర్రజెండాలు. అక్కడ ఎవరూ నవ్వలేదు. అది ఉద్యోగం కదా, నవ్వడానికి ఎవరికీ తీరిక లేదు. ఇసుకలో ఉంగరం వెతకబోయి, ఎవరూ చూడటం లేదని అర్థమై, లేచి వచ్చేశాను. ఇంకొక్క ఏడాది తర్వాత వయసు దాటిపోతుంది.

ఆ సాయంత్రం రైల్లో ధర్మవరం వచ్చింది. నేను దిగలేదు. ప్లాట్‌ఫారం మీద మా వీధివాళ్లు ఎవరో కనబడ్డారు, వాళ్లకు చెప్పడానికి నా దగ్గర జోకు లేదు. రైలు పెనుకొండలో ఆగింది. దిగి బెంచీ మీద కూర్చున్నాను. రైళ్లు వచ్చి పోతున్నాయి. నేను వాటిని ఎలా చూస్తున్నానో ఇక్కడ రాయను.

కూతురింటి నుంచి తిరుగు ప్రయాణంలో ఉన్న మా అత్త చీరల మూటతో అక్కడికి వచ్చింది.

“ఏమిరా అల్లుడా, ఈడుండావు?”

“స్టేషన్ ఎట్లుండాదో చూసి పోదామని వచ్చినా అత్తా. బాగనే కట్టినారు.”

ఆమె నవ్వలేదు. పక్కన కూర్చుంది. ఇంకో రెండు వేశాను, వాటికీ నవ్వలేదు. మూడోది వేయబోతే నోట్లోంచి ఇంకేదో వచ్చింది.

“ఇంటికి పోబుద్ధి కాలేదు అత్తా. యాడికీ పోబుద్ధి కాలేదు. ఉండబుద్ధి గూడా కాలేదు.”

ఇలాంటి మాట విన్న పెద్దవాళ్లు చేసే పనులు ఉంటాయి. చెంప మీద కొట్టడం, మొక్కు మొక్కడం, తల్లిదండ్రులను తలుచుకోమనడం. మా అత్త చీరల మూట ఎత్తి నా ఒళ్లో పెట్టింది.

“చెయ్యి నొప్పి పుడతాంది. రోంతసేపు నువ్వు పట్టుకో. కింద పెట్టొద్దు, పట్టు మాసిపోతాది.”

పట్టుచీరల మూట ఒళ్లో ఉన్న మనిషి లేవలేడు. రెండు చేతులూ చుట్టి పట్టుకోవాలి. అలా పట్టుకుని కూర్చున్నాను. మా ముందు నుంచి ఒక గూడ్సు పోయింది, ఒక ఎక్స్‌ప్రెస్ పోయింది. ఆమె ఏమీ అడగలేదు. నా మోచేతి మీద ఒక చెయ్యి వేసి ఉంచింది, అంతే. ధర్మవరం ప్యాసింజర్ వచ్చాక “పా, పోదాం” అంది. రైలెక్కాక కూడా మూట వెనక్కి తీసుకోలేదు. మా ఇంటి గడప దాకా నేనే మోశాను.

మర్నాడు ఆమె మా నాయన మగ్గం గుంట దగ్గర చతికిలబడి చెప్పింది. “ఒరే తమ్ముడా, వీనికి మనసు డాక్టరును చూడల్ల.”

మా నాయన అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపాడు. “తిక్క డాక్టరా అక్కా? ఊర్లో తెలిస్తే?”

“తెలీనీను. సంబంధం చూస్తాండామని చెప్తా. నేను చెప్తే ఎవురు నమ్మరు?”

ఎవరు నమ్మరు! ముప్పై ఏళ్లుగా సంబంధాలు చూస్తున్న మనిషి మేనల్లుణ్ని వెంటేసుకుని ఊరూరూ తిరుగుతుంటే జనం ఇంకేమనుకుంటారు? అలా నా పెళ్లి వార్త ధర్మవరం అంతా పాకింది. టీకొట్టు దగ్గర మొదలైంది: “ఏమప్పా, యాడిదాకా వచ్చింది యవ్వారం?”

“చూస్తాండాము అన్నా.”

“పిల్ల ఏం చదివింది?”

“అదే కనుక్కుంటాండాము.”

చిక్కేమిటంటే, మా అత్తకు మనిషిని వెతకడానికి తెలిసిన పద్ధతి ఒక్కటే. నన్ను బాగుచేసే మనిషిని కూడా ఆమె పెళ్లికొడుకును వెతికినట్టే వెతికింది. ముందు నా బయోడేటా రాయించింది. పుట్టిన తేదీ, ఎత్తు, చదువు, నక్షత్రం. గుణగణాలు అన్నచోట ఆమె చెప్పగా నేను స్వహస్తాలతో రాసిన వాక్యం: ‘పిల్లోడు మంచోడు. చెక్క కాడ నిలిచిపోతాడు.’ డాక్టరుకు నక్షత్రం ఎందుకత్తా అంటే, “ఉండనీరా, అడిగితే లేదనకూడదు” అంది.

మొదటి చూపులు పెనుకొండలో. ఒక కల్యాణ మంటపంలో ఎవరో పెద్దమనిషి ఆత్మవిశ్వాస శిబిరం పెట్టాడు. మైకులో అరుస్తూ మమ్మల్నందరినీ కుర్చీలెక్కి అరవమన్నాడు. నేను ఎక్కాను. “నేను సాధిస్తాను” అని అరిచాను. కుర్చీ ప్లాస్టిక్‌ది, అది సాధించలేకపోయింది. మా అత్త చివరి వరుసలో కూర్చుని ఆయననే చూసింది. బయటికొచ్చాక తీర్పు చెప్పింది. “ఆయప్పకే ఏందో భయముండాది రా. లేకుంటే అంత అరవడు. పాపం.”

రెండోది హిందూపురంలో పేరున్న డాక్టరు. చాలా మంచివాడు, చాలా రద్దీ. నిద్రకు మాత్రలు రాసిచ్చాడు. వాటి పుణ్యమా అని నేను ఎన్నో వారాల తర్వాత నిద్రపోయాను, ఇందులో వెటకారం లేదు. కానీ ‘చెక్క కాడ’ అనే ముక్క చెప్పేలోగా తర్వాతి పేరు పిలిచేశారు. ఆయనే చెప్పాడు, నీకు మందుతో పాటు మాట్లాడే మనిషి కావాలి, కౌన్సెలర్ను చూసుకో అని. “చూసుకో అంటే యాడ చూసుకోవల్ల సామీ?” అంది అత్త. బెంగళూరులో ఉంటారన్నాడు.

మూడోది బెంగళూరే, వీడియో కాల్‌లో. గంటకింత అని. ఆయన ఇంగ్లీషు, కన్నడం కలిపి మెత్తగా మాట్లాడాడు. ‘మీరు ఒంటరిగా ఉన్నారా?’ అని అడిగాడు. నేను ఒంటరిగానే ఉన్నాను, మా అమ్మ, అత్త, పక్కింటి అవ్వ ఫోను వెనక కూర్చుని ఉన్నారు, అంతే. అవ్వకు నచ్చాడు. “ముక్కు బాగుండాది” అంది గట్టిగా. సిగ్నల్ పోయింది. మళ్లీ కలవలేదు.

ఇక్కడ నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పట్లో ప్రతి చూపులూ విఫలమై తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా లోపల ఏదో ఒక్కో మెట్టే కిందికి దిగేది. నెలలు గడిచిపోతున్నాయి. తెల్లవారుజామున మైదానానికి పోవడం మానేశాను. కుక్కలు నా కోసం చూసి ఉంటాయి. అద్దంలో చూసుకుంటే, ఎవడో తమాషా మనిషి నా మొహం వేసుకుని నిలబడ్డట్టుండేది. ఇక చాలత్తా అన్నాను ఒకరోజు. “చాలనేదానికి నువ్వెవురు రా? సంబంధం చూసేది నేను” అంది.

నాలుగోది ఆమెకు ఒక చీర అమ్మకంలో దొరికింది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ వెనక వీధిలో చీర కొన్నావిడ కూతురు. సైకాలజీ చదివిందట. వారమంతా బెంగళూరులో ఆటగాళ్లతో పనిచేసి, ఆదివారాలు ఇంటి మీది గదిలో నలుగురైదుగురిని చూస్తుందట. అత్త ఆ చీర మీద ఎంత తగ్గించిందో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం మేం నలుగురం పోయాం. అత్త, అమ్మ, వదిన, నేను. తాంబూలం తీసుకెళ్దామా అని అమ్మ నిజంగానే అడిగింది. మేడమెట్ల దగ్గర అత్త ఆగిపోయి కిందికి చూసింది. ఏ ఇంటికి పోయినా ఆమె ముందు చూసేది చెప్పులు విడిచే చోటు. చెప్పులన్నీ ముక్కుకు సూటిగా వరసలో ఉంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరంటే అందరికీ భయమని ఆమె లెక్క. ఇక్కడ ఒక చెప్పు మెట్టు మీద, ఇంకోటి బోర్లా.

“ఎట్లబడితే అట్ల ఇడిచి పోయినారు. మేలే” అంది.

కౌన్సెలర్ అమ్మాయి నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. నలుగురు ఒకేసారి లోపలికి వచ్చినా ఆశ్చర్యపోలేదు, కుర్చీలు చాలక చాప పరిచింది. అత్త బయోడేటా అందించింది. ఆ అమ్మాయి నక్షత్రం దాకా మొత్తం చదివింది, నవ్వలేదు. అప్పుడు అత్త మొదలుపెట్టింది.

“మీదే ఊరు పాపా?”

“ఇదే ఊరమ్మా. మా అమ్మ వాళ్లది గుడిబండ.”

“ఈ పని ఎన్నాళ్లుగా చేస్తాండావు?”

“ఆరేడేళ్లాయె.”

“అందురినీ బాగు చేస్తావా?”

“లేదమ్మా. కొందురికి అయితాది. కొందురికి నా చేత కాదు, ఇంకొకరి కాడికి పంపిస్తా.”

అత్త మూతి ముడిచి నావైపు చూసింది. ఇప్పటిదాకా చూసినవాళ్లలో చేత కాదని చెప్పినది ఈమె ఒక్కతే. ఆ తర్వాత, పెళ్లికొడుకులను అడిగే ఆ కోపం ప్రశ్న అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

“నువ్వెప్పుడన్నా ఏడ్సినావా పాపా? అబద్ధం చెప్పొద్దు.”

అమ్మ నెత్తి కొట్టుకుంది. ఆ అమ్మాయి బయోడేటా చాప మీద పెట్టింది. “పోయిన బేస్తవారం” అంది. “బాత్రూంలో. కుళాయి తిప్పి పెట్టుకోని.”

“యాలమ్మా?”

“అది మీకు చెప్పను.”

అత్త మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. “ఖాయం” అంది.

అంతటితో అయిపోలేదు, అక్కడే అసలు గొడవ మొదలైంది. ఇక మీరు ముగ్గురూ బయట కూర్చోండి, నేను ఆయనతో మాట్లాడతాను అంది ఆ అమ్మాయి.

“మేమా? బయటా?” అత్తకు నిజంగా అర్థం కాలేదు. మా వైపు ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరుతో చెప్పేది వెంట వచ్చినవాళ్లే. రోగి నాలుక చాపడానికి తప్ప నోరు తెరవడు. “పిల్లోని గురించి వానికేం తెలుసు పాపా? వాడు అన్నీ తమాషాలు చెప్తాడు. నిజం కావల్లంటే నన్నడుగు.”

“తమాషాలే చెప్పనీండమ్మా.”

అత్త మెట్ల మీద కూర్చుంది. ఆ రోజు నుంచి అన్ని ఆదివారాలూ అక్కడే కూర్చుంది. చీరలమ్మింది. లోపలికి పోవడానికి జంకి కిందే తచ్చాడుతున్న వాళ్లను “పో నాయనా, కొరకదు” అని పైకి తోలింది. ఆ మెట్ల మీద ఒక పెళ్లి కూడా కుదిరిందని తర్వాత తెలిసింది.

లోపల నేను తమాషాలే చెప్పాను. బోర్డు దగ్గర మీకేం జరుగుతుందని ఆ అమ్మాయి అడిగితే, బోర్డు నాకు వరసకు మరదలు అవుతుంది, సిగ్గేస్తుంది అన్నాను. నవ్వింది. నవ్వి, ఊరుకుంది. నవ్వయ్యాక వచ్చే ఆ నిశ్శబ్దంలో నాకు ఊపిరాడేది కాదు, ఇంకోటి వేసేవాణ్ని. వారాల తరబడి ఇదే. ట్రయల్స్ దగ్గరపడుతున్నాయి. బయటికి వస్తూ ప్రతిసారీ అనుకునేవాణ్ని, ఈమె కూడా నావల్ల ఓడిపోతోంది, ఇక నాకు దారి లేదని.

ఒక ఆదివారం తిరుగు బస్సులో అత్త అడిగింది.

“ఏం చెప్పినావు ఈ పొద్దు?”

“శానా నవ్వించినా అత్తా.”

“నవ్వించేదానికి హిందూపురం దాకా పోవల్నా? ధర్మవరంలో నవ్వేటోళ్లు కరువైనారా?”

నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆమె చెనక్కాయ పొట్టు ఒల్చుకుంటూ, చీర రంగు గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

“నువ్వు ఓడిపోయినాక జనాల్ని నవ్విస్తాండావని అనుకుంటి ఇన్నాళ్లూ. కాదు రా అల్లుడా. నవ్వించే మాట నీకు ముందే సిద్ధమైపోతాది. అది చెప్పల్లంటే ఓడిపోవల్ల కదా. అందుకని ఓడిపోతాండావు.”

బస్సు ఏదో ఊళ్లో ఆగింది. ఎవరో ఎక్కారు. ఆమె చెప్పింది నిజం. పరుగు మొదలుపెట్టేటప్పుడే నా తలలో ఆ ఇసుకలో చేయబోయే చేష్ట తయారుగా ఉండేది. కాలు బోర్డు చేరేలోపు జోకు చేరిపోయేది.

తర్వాతి ఆదివారం ఈ మాట చెప్పాను. తమాషా కలపకుండా నేను ఆ గదిలో పలికిన మొదటి వాక్యం మా అత్తది. ఆ అమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆ రోజు మొదలు మేం నిజంగా మాట్లాడుకున్నాం. నాయన వీపు గురించి, అనంతపురంలో ఎవరూ నవ్వని ఆ రోజు గురించి, పెనుకొండ బెంచీ గురించి. ఉండబుద్ధి కాలేదన్న మాటను ఆమె పక్కన పెట్టలేదు. మళ్లీ అలా అనిపిస్తే ఎవరికి ఫోన్ చేస్తావని అడిగి, పేర్లు చెప్పించింది. మొదటి పేరు అత్తది.

ఆ తర్వాత మమ్మల్ని హిందూపురం మైదానానికి తీసుకెళ్లి నాకొక పని పెట్టింది. ఎగరమని కాదు. పరుగెత్తి ఫౌల్ చెయ్యండి, ఫౌలయ్యాక ఏమీ చెయ్యకండి, ఊరికే నిలబడండి, అంతే. ఇంతకంటే సులువైన పని లోకంలో ఉండదనుకున్నాను. పరుగెత్తాను, చెక్క దాటాను, ఇసుకలో నిలబడ్డాను. వెతకడానికి ఉంగరం లేదు. మెచ్చుకోవడానికి జడ్జి లేడు. మైదానం గట్టు మీద మా అత్త, ఆ అమ్మాయి, ఇద్దరే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నడి ఇసుకలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. గట్టు మీద మా అత్త అటు తిరిగి కూర్చుంది. నేను ముఖం తుడుచుకునేదాకా రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ ఉండిపోయింది. తిరిగి వచ్చాక చెనక్కాయలు చేతిలో పోసి, “ఉప్పు ఎక్కువేసినాడు” అంది.

ఆమె గురించి గొప్పగా చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఇదే. చూడాల్సినప్పుడు ఎవరూ చూడనిది చూసింది, చూడకూడనప్పుడు లారీలను చూసింది.

ట్రయల్స్ తేదీ వచ్చింది. దానికి రెండు రోజుల ముందు పెనుకొండలో పెళ్లిచూపులున్నాయని అత్త పోయింది. “ఆ పని చూసుకోని వచ్చేస్తా. నీతో అనంతపురం వస్తా, గేటు బయట కూకుంటాలే” అంది. వదిన ఫోన్ ఆ సాయంత్రమే.

అత్తను ధర్మవరం తీసుకొచ్చారు. మూడు ఊళ్ల ఆడవాళ్లు ఆమె అమ్మిన చీరలు కట్టుకుని వచ్చారు. ఎవరో ఒకాయన నా భుజం మీద చెయ్యేసి, “పాపం, నీ పెళ్లి చూడకుండానే పాయె” అన్నాడు. హిందూపురం నుంచి ఆ అమ్మాయి కూడా వచ్చింది. ఆమె నా దగ్గర నిలబడటం చూసి వీధిలో నలుగురు గుసగుసలాడారు, పిల్ల బాగుండాది అని. ఫోన్ చేయవలసిన పేర్లలో మొదటిదానికి ఇక ఫోన్ చేయలేను, ఆ ఒక్క సంగతే తలలో తిరుగుతోంది.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. మొదట్లో చెప్పిన క్షమాపణలన్నీ ఉత్తుత్తివి. ఇది కాదు.

మూడోనాడు పాలు పోసే కార్యానికి నేను లేను. బంధువులు దీనికి ఒక అర్థం చెప్పుకున్నారు. మేనల్లుడు దుఃఖం ఆపుకోలేక ఎక్కడికో పోయి కూర్చున్నాడని, అంత ప్రేమ అని, నన్ను తలుచుకుని కూడా కొందరు ఏడ్చారట. నేను దాన్ని సరిదిద్దలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆ పొద్దున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. మీరంతా ఆమెకు పాలు పోస్తున్న వేళకు నేను అనంతపురంలో, ఛాతీ మీద నంబరు పిన్ను పెట్టుకుని, వరసలో నిలబడి ఉన్నాను.

మొదటిసారి చెక్క దగ్గర ఆగిపోయాను. జోకు వచ్చింది, చాలా మంచిది వచ్చింది. వెయ్యలేదు. తల దించుకోకుండా నిలబడి, నడిచి వెనక్కి వచ్చాను. రెండోసారి చెక్క దాటి ఇసుకలోకి పోయాను. ఎర్రజెండా. పక్కన ఎవరో కిసుక్కుమన్నారు. నిలబడ్డాను. మూడోసారి పరుగెత్తేటప్పుడు మా అత్త గుర్తొచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. ఎవరూ గుర్తు రాలేదు, ఏమీ వినబడలేదు, భయం మాత్రం గొంతు దాకా ఉంది. కాలు చెక్క మీద పడిన చప్పుడు విన్నాను. అంత గట్టి చప్పుడు నా కాలు చేస్తుందని నాకు తెలియదు.

తెల్లజెండా లేచింది.

ఉద్యోగం రాలేదు. నాకంటే దూరం ఎగిరినవాళ్లు ఉన్నారు, వాళ్లకు వచ్చింది. నేను చేసిందల్లా ఎగరడం. ఇసుకలోంచి లేచి అక్కడే నిలబడిపోయాను. ఇసుక చదును చేసే పెద్దాయన పలక పట్టుకుని వచ్చాడు.

“జరుగు నాయనా, ఎనకాల వాళ్లుండారు.”

“రోంతసేపు ఉండు తాతా” అన్నాను.

ఆయన నా ముఖం చూసి ఆగాడు. తడి ఇసుకలో నా రెండు మడమలూ దిగిన చోట రెండు గుంటలు పక్కపక్కనే ఉన్నాయి. వాటి అంచుల నుంచి ఇసుక కొంచెం కొంచెంగా లోపలికి జారుతోంది.